వండేవాళ్ళ రిపోర్టు ఎక్కడ?

ఇంట్లో మగవాళ్ళకి కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలిందంటే చాలు, విచారణ మొదలయ్యేది వంటగదిలోనే. నూనె ప్యాకెట్లు నెలకి ఎన్ని అవుతున్నాయి, వేపుళ్ళు వారంలో ఎన్నిసార్లు, పప్పులో నెయ్యి ఎవరు వేశారు, ఆదివారం గుడ్లెన్ని ఉడికాయి అని లెక్కలు తీస్తారు. ముద్దాయిలు నూనె, నెయ్యి, గుడ్డు. వాటి తరఫున బోనులో నిలబడేది మాత్రం వండిన మనిషి.

ఈ విచారణ మీద నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది, రిపోర్టులో ఏడెనిమిది వరసలుంటే అందులో ఒక్క వరస చదివి తీర్పు చెప్పేస్తున్నాం. రెండోది, ఆ రిపోర్టు ఇంట్లో ఒక్కరిదే ఉంటోంది. వండి వడ్డించి, ఆయన మాత్రలు వేళకి అందించే ఆవిడ రక్తంలో ఏముందో ఎవరికీ తెలియదు, ఆవిడకీ తెలియదు. ఈ రెండిటి వల్లా ఎక్కువ నష్టపోతున్నది మనమేనని నా అభిప్రాయం. అది ఎందుకో చెప్పడానికే ఇదంతా.

నేను చదివింది తెలుగు, వైద్యం కాదు. కాబట్టి ఎవరు ఏ మాత్ర వేసుకోవాలన్న సంగతి జోలికి పోను, అది డాక్టర్ల పని. కానీ అక్షరం ముక్క, కూడికా తీసివేతా వచ్చిన ప్రతి మనిషీ తన రిపోర్టు తను చదువుకోవచ్చు. పచారీ కొట్టు చీటీలో రూపాయి తేడా వస్తే పట్టుకునే మనకి ఇదేమీ కష్టం కాదు.

ముందు ఈ కొలెస్ట్రాల్ సంగతి చూద్దాం. ఇది విషం కాదు. మన ఒంట్లో ప్రతి కణం గోడకీ ఇది కావాలి. పైత్యరసం తయారవడానికి, విటమిన్ డి తయారవడానికి, ఆడవాళ్ళలో ఈస్ట్రోజెన్ లాంటి హార్మోన్లు తయారవడానికి ఇదే ముడిసరుకు. అందుకే మనం తిన్నా తినకపోయినా లివర్ దీన్ని తయారుచేస్తూనే ఉంటుంది. మన ఒంట్లో ఉన్న దాంట్లో ఎక్కువ భాగం అలా ఇంట్లో తయారైనదే, బజారు నుంచి వచ్చింది తక్కువ.

చారు మీద పోపు నూనె తేలినట్టే కొవ్వు రక్తంలో కలవదు. కాబట్టి దాన్ని మూటలు కట్టి పంపాలి. లివర్ నుంచి బయటికి పోయే మూటల్లో ముఖ్యమైనది ఎల్.డి.ఎల్., ఇది ఎక్కువైతే రక్తనాళాల గోడల్లోకి చేరి పేరుకుంటుంది. మిగిలిపోయినదాన్ని వెనక్కి మోసుకొచ్చేది హెచ్.డి.ఎల్. ఇక ట్రైగ్లిజరైడ్లంటే కొలెస్ట్రాల్ కాదు, అది వేరే సరుకు. మనం తిని ఖర్చుపెట్టని శక్తిని ఒళ్ళు కొవ్వుగా మార్చి దాచుకుంటుందే, ఆ కొవ్వు. దాన్ని మోసే మూట వి.ఎల్.డి.ఎల్.

ఇప్పుడు రిపోర్టులో అందరూ చూసే "టోటల్ కొలెస్ట్రాల్" అంటే ఏమిటి? ఈ మూటలన్నిట్లో ఉన్నదీ కూడితే వచ్చే మొత్తం. మంచిదీ అందులోనే, చెడ్డదీ అందులోనే. చాలా ల్యాబుల్లో ఎల్.డి.ఎల్.ని నేరుగా కొలవరు కూడా. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ అనే ఆయనా, ఆయన సహచరులూ చెప్పిన లెక్క ప్రకారం మొత్తంలోంచి హెచ్.డి.ఎల్.ని తీసేసి, ట్రైగ్లిజరైడ్లని అయిదుతో భాగించి అదీ తీసేస్తే మిగిలేదే ఎల్.డి.ఎల్. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు నేరుగా కొలవాల్సిందే.

ఒక్క వరస చదివితే వచ్చే చిక్కేమిటో చూడండి. లెక్క కోసం ఇద్దరు అక్కాచెల్లెళ్ళని ఊహించుకుందాం. అక్కకి టోటల్ 226, హెచ్.డి.ఎల్. 68, ట్రైగ్లిజరైడ్లు 90, ఎల్.డి.ఎల్. 140. చెల్లెలికి టోటల్ 192, హెచ్.డి.ఎల్. 34, ట్రైగ్లిజరైడ్లు 210, ఎల్.డి.ఎల్. 116. కాగితం మీద 200 లోపు ఉంటే మంచిదని అచ్చు వేసి ఉంటుంది. అక్క 226కి నల్లటి అక్షరాలు, పక్కన చుక్క. ఇంటిల్లిపాదీ అక్క చుట్టూ చేరతారు. చెల్లెలు "నాది నార్మలే" అని రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తుంది.

కానీ ఒక చిన్న తీసివేత చెయ్యండి. టోటల్లోంచి హెచ్.డి.ఎల్.ని తీసెయ్యండి. అక్కకి 226లోంచి 68 పోతే 158. చెల్లెలికి 192లోంచి 34 పోతే అదీ 158! దీన్నే నాన్ హెచ్.డి.ఎల్. అంటారు, అంటే నాళాల్లో పేరుకునే రకాలన్నీ కలిపిన మొత్తం. మామూలు మనుషులకి ఇది 130 లోపు ఉండాలంటారు. అంటే ఇద్దరూ డాక్టరుతో మాట్లాడాల్సినవాళ్ళే. పైగా చెల్లెలి నడుము 36 అంగుళాలుండి, పరగడుపు షుగర్ 108 ఉందనుకోండి, ఇద్దరిలో ముందుగా జాగ్రత్తపడాల్సింది ఆ "నార్మల్" చెల్లెలే.

ఎందుకంటే హెచ్.డి.ఎల్. పడిపోయి ట్రైగ్లిజరైడ్లు పెరగడమన్నది ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యడం లేదనడానికి గుర్తు. 1988లో జెరాల్డ్ రీవెన్ అనే అమెరికన్ డాక్టరు ఇవన్నీ ఒకే గూటి పక్షులని చెప్పాడు. ఇప్పుడు దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటున్నారు. 2009లో పెద్ద వైద్య సంస్థలన్నీ కలిసి ఒప్పుకున్న కొలతలు అయిదు. నడుము చుట్టుకొలత మనబోటి దక్షిణాసియా ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు లేదా అంతకు మించి ఉండటం. ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన. హెచ్.డి.ఎల్. ఆడవాళ్ళకి 50 కంటే, మగవాళ్ళకి 40 కంటే తక్కువ. బీపీలో పై అంకె 130 గానీ కింది అంకె 85 గానీ చేరడం. పరగడుపు షుగర్ 100 లేదా ఆపైన. ఈ అయిదింట్లో ఏ మూడున్నా ఒళ్ళు హెచ్చరిస్తోందన్నమాట. ఈ అయిదింట్లో టోటల్ కొలెస్ట్రాల్ అసలు లేదు, గమనించారా?

80 సెంటీమీటర్లంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు. దర్జీ టేపు చాలు. చీర కుచ్చిళ్ళ మీంచి కాదు, లంగా బొందు కట్టే చోట కూడా కాదు. చివరి పక్కటెముకకీ, తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. దీనికి రక్తం తియ్యక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి, మనదే. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళ ఇండియాబ్ అధ్యయనం 2014లో ఒక లెక్క ప్రచురించింది. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో రెండు వేలమందికి పైగా పరీక్షిస్తే, టోటల్ కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ళు 13.9 శాతం. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్ళు 29.5 శాతం. హెచ్.డి.ఎల్. తక్కువున్నవాళ్ళు ఏకంగా 72.3 శాతం. అంటే ఆ ఒక్క వరసే చూస్తే నూటికి పద్నాలుగు మందే కనిపిస్తారు. మిగతా వరసలూ చదివితే నూటికి డెబ్భై తొమ్మిది మందికి ఏదో ఒకటి తేడాగా ఉంది. ఒక్క వరస చదవడం మనకి ఎందుకు చాలదో ఇంతకంటే ఏం చెప్పాలి?

ఇక్కడే వంటగది మీద కేసు మారిపోతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరగడానికి నూనె ఒక్కటే కారణం కాదు. ఒంటికి అక్కర్లేనంత అన్నం, మైదా, పంచదార, పళ్ళరసం లోపలికి పోతే లివర్ వాటిని కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. మద్యం కూడా అంతే. అలా ట్రైగ్లిజరైడ్లు పెరిగినకొద్దీ హెచ్.డి.ఎల్. తగ్గుతుంది, ఎల్.డి.ఎల్. ముక్కలు చిన్నవై సంఖ్యలో పెరుగుతాయి. మన ఇళ్ళల్లో ఏం జరుగుతోంది? కొలెస్ట్రాల్ అనగానే కూరలో నూనె తీసేస్తాం. కూర రుచి తగ్గుతుంది. రుచి లేని కూర రెండు ముద్దలకే పక్కన పెట్టేసి, చారు పోసుకుని, పెరుగు కలుపుకుని, ఊరగాయ నంజుకుని ఇంకో గరిటెడు అన్నం తింటారు. నూనె రెండు చెంచాలు తగ్గింది, అన్నం ఒక కప్పు పెరిగింది. ఆర్నెల్ల తర్వాత రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు అలాగే ఉంటాయి. "నువ్వు నూనె తగ్గించడం లేదు" అని మళ్ళీ మనకే మాట.

మన హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజూ మనకి వచ్చే శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెప్పింది. మన కంచాల్లో అంతకంటే ఎక్కువే ఉంటోందనీ చెప్పింది. గుడ్డు సంగతంటారా, ఆహారంలో కొలెస్ట్రాల్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదన్న పాత లెక్కని అమెరికా వాళ్ళే 2015లో తమ మార్గదర్శకాల్లోంచి తీసేశారు. ఎన్నయినా తినమని దానర్థం కాదు. గుడ్డు ఒక్కదాన్నే పట్టుకుని, పక్కనున్న పెద్ద గిన్నెడు అన్నాన్నీ, టీలోకి నాలుగు బిస్కెట్లనీ వదిలెయ్యడం న్యాయం కాదంటున్నాను.

నూనె ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్ద అక్షరాలు చూసి మురిసిపోవక్కర్లేదు. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఏ గింజ నూనెలోనైనా అది లెక్కలోకి వచ్చేంత ఉండదు. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే పదార్థాల్లో ఉంటుంది. చూడాల్సింది అందులో గట్టి కొవ్వు, అంటే సాచురేటెడ్ కొవ్వు ఎంత ఉందన్నది. పామాయిల్లో సుమారు సగం అదే, ఎల్.డి.ఎల్.ని పెంచేది అదే. గానుగ నూనె అయినా, రిఫైండ్ అయినా గ్రాముకి తొమ్మిది కేలరీలే. గానుగ నూనె కదా అని ధారగా పొయ్యడం కుదరదు.

ఇంతదాకా చదివి "అయితే ఎల్.డి.ఎల్. పెద్ద విషయం కాదన్నమాట, మాత్రలు ఆపెయ్యొచ్చు" అని ఎవరూ అనుకోవద్దు. వాట్సాప్‌లో తిరిగే సందేశాల తీరు అదే. కొలెస్ట్రాల్ అంతా మందుల కంపెనీల కట్టుకథ అంటారు. అది శుద్ధ తప్పు. ఎల్.డి.ఎల్.ని రక్తంలోంచి లోపలికి తీసుకునే వ్యవస్థ కణాల మీద ఎలా ఉంటుందో కనిపెట్టినందుకు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వ్యవస్థ పుట్టుకతోనే లోపించిన పిల్లలకి చిన్న వయసులోనే గుండెపోట్లు రావడం వాళ్ళు చూశారు. 1994లో స్కాండినేవియా దేశాల్లో గుండెజబ్బున్న 4,444 మంది మీద చేసిన పరీక్షలో, స్టాటిన్ మాత్ర వేసుకున్నవాళ్ళలో మరణాలు 30 శాతం తగ్గాయి. కాబట్టి ఎల్.డి.ఎల్. నిజమే, మెటబాలిక్ కొలతలూ నిజమే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు. ఎల్.డి.ఎల్. 190 దాటి ఉంటే అది తిండి వల్ల వచ్చింది కాకపోవచ్చు, వంశపారంపర్యంగా వచ్చిందేమో చూడాలి. సుమారు 250 మందిలో ఒకరికి అలా ఉంటుంది. అలాంటి ఇంట్లో వండేవాళ్ళని తిట్టడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

మాత్ర వేసుకుంటే రిపోర్టు బాగుపడుతుంది, బాగుపడింది కదా అని మాత్ర ఆపేస్తారు, మళ్ళీ పెరుగుతుంది. ఈ ఆటా చాలా ఇళ్ళల్లో ఉంది. ఒళ్ళు నొప్పులో ఇంకోటో వస్తే డాక్టరుకి చెప్పి మార్పించుకోవాలి గానీ, సొంతంగా ఆపెయ్యకూడదు.

ఇక నా రెండో అభ్యంతరానికి వస్తాను. నాకు అసలు బాధ కలిగించేది ఇదే.

మా బంధువుల్లో ఒకావిడ, నాకు పిన్ని వరస. యాభై ఆరేళ్ళుంటాయి. భర్తకి కొలెస్ట్రాల్ అని తేలినప్పటి నుంచీ పదేళ్ళకి పైగా ఆయనకి వేరే కూర, వేరే చపాతీ చేసి పెట్టిన మనిషి. ఒక కార్తీకమాసంలో రెండు రోజులపాటు దవడ లాగడం, వెన్నులో నొప్పి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఉపవాసాలు కదా, గ్యాస్ అనుకుని వాము నీళ్ళు తాగింది. మూడోరోజు ఆస్పత్రికి తీసుకెళ్తే గుండెపోటన్నారు. స్టెంటు వేశారు, దేవుడి దయవల్ల బతికింది. అక్కడ డాక్టరు పాత రిపోర్టులు తెమ్మంటే బాబాయిగారు ఇంటికి పరుగెత్తి లావుపాటి ఫైలు పట్టుకొచ్చారు. తీరా తిరగేస్తే అన్నీ ఆయనవే. ఆవిడవంటూ దొరికింది చిన్నవాడి కాన్పునాటి కాగితాలు, ముప్ఫై ఏళ్ళ కిందటివి. తర్వాత నేను చూడ్డానికి వెళ్తే పిన్ని ఒకటే మాట అంది. "నాకేం జబ్బులేదనే అనుకున్నానే అమ్మాయ్, ఎప్పుడూ ఎవరూ చూడలేదు కదా."

చూడకపోవడమే ఆరోగ్యం అనుకుంటున్నాం. అదీ సంగతి.

నెలసరులు వస్తున్నంతకాలం ఆడవాళ్ళకి గుండె విషయంలో కొంత రక్షణ ఉంటుందన్న మాట నిజమే. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో ఆడవాళ్ళకి మొదటి గుండెపోటు మగవాళ్ళకంటే సుమారు తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వస్తోందని తేలింది. ఆలస్యంగా వస్తుందంటే రాదని కాదు. అదే అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్ళకి మిగతా దేశాలవాళ్ళకంటే అయిదారేళ్ళు ముందే వస్తోందనీ తేలింది. ముట్లుడిగే వయసులో ఎల్.డి.ఎల్. పెరుగుతుంది, కొవ్వు తుంటి నుంచి పొట్ట మీదికి చేరుతుంది. నలభైల్లో ఉన్న మనం సరిగ్గా ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాం.

పైగా మగవాళ్ళకి లేని ప్రశ్నలు మన విషయంలో కొన్ని ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా? బీపీ పెరిగి ఇబ్బంది అయిందా? కాన్పుతో పాటు అవి పోయాయని మర్చిపోతాం. కానీ అవి వచ్చినవాళ్ళకి తర్వాత జీవితంలో షుగర్, గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. వయసులో ఉన్నప్పుడు పీసీఓఎస్ ఉందా? దానికీ ఇన్సులిన్‌కీ చుట్టరికం ఉంది. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందా? అలా ఉంటే ఎల్.డి.ఎల్. దానంతటదే పెరుగుతుంది, అందుకే టీఎస్‌హెచ్ చూడకుండా కొలెస్ట్రాల్ సంగతి తేల్చకూడదు. రక్తం తక్కువగా ఉందా? దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఐరన్ తక్కువైన రక్తహీనతలో మూడు నెలల షుగర్ పరీక్ష హెచ్‌బిఎ1సి ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. హిమోగ్లోబిన్ పక్కన పెట్టుకుని దాన్ని చదవాలి. ఇవన్నీ మనం నోరు తెరిచి చెప్పాల్సినవే. అడిగేదాకా ఆగితే ఎవరూ అడగకపోవచ్చు.

మన కంచంలో ఏముంటుందో కూడా ఒప్పుకోవాలి. ఆయనకి నూనె లేని కూర, పిల్లలకి నూడుల్స్, అత్తయ్యకి మెత్తటి పప్పన్నం. అందరూ తిన్నాక మూడింటికి మనం కూర్చునేసరికి కూర గిన్నె అడుగంటి ఉంటుంది. అన్నం మాత్రం ఉంటుంది. పొద్దుటి పులిహోర పారెయ్యలేక, పిల్లలు వదిలేసిన పూరీ పారెయ్యలేక మనమే తింటాం. శనివారం రాత్రి ఉపవాసమని అన్నం మానేసి ఉప్మా తింటాం, అదీ రవ్వే కదా. పచ్చసొన ఆయనకి పనికిరాదని తీసేస్తే అదీ మన కంచంలోకే. ఇంట్లో పిండిపదార్థమంతా చివరికి ఎవరి ఒంట్లోకి చేరుతోందో చూస్తే, ముందు ఎవరి రిపోర్టు తియ్యాలో అర్థమవుతుంది.

"ఉన్నదీ లేనిదీ పరీక్షలు చేయించుకుని లేని భయం తెచ్చుకోవడం ఎందుకు?" అని నాతో చాలామంది అన్నారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. పండగ ఆఫరు అంటూ ఎనభై, తొంభై పరీక్షల ప్యాకేజీలు అమ్ముతున్నారు. అన్ని అంకెల్లో ఎక్కడో ఒక చుక్క పడక మానదు, దానికి కంగారుపడి ఇంకో పరీక్షకి పరుగెత్తడం. నేను అడుగుతున్నది అది కాదు. లిపిడ్ ప్రొఫైల్, షుగర్, హెచ్‌బిఎ1సి, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, లివర్ కోసం ఎస్‌జీపీటీ, కిడ్నీల కోసం క్రియాటినిన్. ఇంటి దగ్గర బీపీ, నడుముకి టేపు. జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్-ఎ. ఇది పుట్టుకతో వచ్చేది, తిండితో పెద్దగా మారదు, అందుకే ఒక్కసారి చూస్తే చాలంటారు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఇది మరీ ముఖ్యం. 2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఇచ్చిన మార్గదర్శకాలు మొదటి లిపిడ్ పరీక్ష 18 ఏళ్ళకే చేయించమన్నాయి. మనలో ఎందరికి నలభై దాటినా ఆ మొదటిది అవలేదో!

"పరగడుపున వెళ్ళడం నాకెక్కడ కుదురుతుంది?" అన్నది ఇంకో మాట. నిజమే, పొద్దున్నే పాలు, టిఫిన్లు, క్యారేజీలు అయ్యేసరికి పదవుతుంది, అప్పటిదాకా ఖాళీ కడుపుతో పొయ్యి దగ్గర నిలబడితే కళ్ళు తిరుగుతాయి. అందుకే ఈ సంగతి మీకు తెలియాలి. మామూలుగా చూసే లిపిడ్ పరీక్షకి పరగడుపు తప్పనిసరి కాదని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. హెచ్‌బిఎ1సికీ అక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ వస్తే అప్పుడు పరగడుపున మళ్ళీ చేయిస్తారు. కాబట్టి పదకొండింటికి, పనయ్యాకే వెళ్ళి రక్తం ఇచ్చి రావచ్చు. కుదరకపోవడానికి ఆ కారణం ఇక చెల్లదు.

మరి వంట మాటేమిటి? వేరు వంట మానెయ్యాలంటాను. ఒకరికి మంచిదైన తిండి మిగతావాళ్ళకి చెడ్డదెలా అవుతుంది? అన్నం గిన్నె చిన్నది చేసి, కూర గిన్నె పెద్దది చెయ్యండి. బీరకాయ, సొరకాయ, తోటకూర, గోంగూర ఏదైనా సరే, సరిపడా నూనెతో రుచిగా వండితేనే ఎక్కువ తింటారు. శనగలు, అలసందలు, పెసలు వారంలో నాలుగు రోజులు రానివ్వండి. బెండకాయ, ఓట్స్, బార్లీ, ఈ గింజల్లో ఉండే జిగురు పీచు ఎల్.డి.ఎల్.ని కొంత తగ్గిస్తుంది. చేపలు తినేవాళ్ళకి కానాగంతలు, కవళ్ళు మంచివి, ఖరీదూ తక్కువ. కొర్రలు, సామలు మంచివే, కానీ అవీ ధాన్యాలే, కంచం నిండా తింటే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. తిన్నాక పది నిమిషాలు నడవాలి. అంట్ల దగ్గర నిలబడటం నడక కాదు. అంట్లు ఇంకొకరు తోముతుంటే మనం నడవాలి, ఈ మాట ఇంట్లో గట్టిగా చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, అందరితో పాటు కూర్చుని తినండి. అప్పుడు కూర మనకీ ఉంటుంది.

ఇదేమీ మొగుళ్ళ మీద ఫిర్యాదు కాదు. వాళ్ళ రిపోర్టు జాగ్రత్తగానే చూడాలి, ఒక్క వరస కాదు, అన్ని వరసలూ. మన రిపోర్టు కూడా అంతే జాగ్రత్తగా చూడాలన్నదే నా వాదన. మన దగ్గర డబ్బుల్లేకో, తీరిక లేకో ఇది జరగడం లేదనుకోను. ఇంటి ఆరోగ్యం చూసే మనిషికి తన ఆరోగ్యం వేరే ఉంటుందన్న ఆలోచనే ఎవరికీ రాకపోవడం వల్ల జరగడం లేదు, మనకి కూడా.

ఈ వారంలో ఒకసారి బీరువా తెరిచి ఆ ఫైలు తియ్యండి. అందులో ఎవరెవరి పేర్లున్నాయో చూడండి. మీ పేరు లేకపోతే కొత్త ఫైలొకటి కొని, పైన మీ పేరు రాసి, ముందు ఖాళీగానే పెట్టండి. వచ్చే నెల్లోపు అందులోకి మొదటి కాగితం చేరాలి.